ఉష్ణవినిమయ పరికరాలు: పీడనపు అంకె ఒక్కటే చాలునా?

హ్యూస్టన్ నగరానికి తూర్పున ఓడల కాలువ వెంబడి గానీ, లూయిజియానాలో మిసిసిపీ నదీతీరాన గానీ, జుబైల్, రువైస్ వంటి గల్ఫ్ పట్టణాలలో గానీ చమురుశుద్ధి కర్మాగారాల ప్రక్కగా ప్రయాణించే తెలుగు కుటుంబాలకు దూరం నుంచే కనిపించేవి ఎత్తైన లోహపు గోపురాలు, వాటి నడుమ ఎగసే మంట. పిల్లలు ప్రశ్నలు వేసేదీ వాటిని గురించే. ఆ గోపురాల పాదాల దగ్గర వరుసలు వరుసలుగా నేలకు సమాంతరంగా పడుకొని ఉండే ఉక్కు పీపాలను ఎవరూ పట్టించుకోరు. అక్కడ పనిచేసేవారు వాటిని హీట్ ఎక్స్ఛేంజర్లంటారు. శాస్త్ర గ్రంథాలలో ఉష్ణవినిమయ పరికరాలని వ్యవహరిస్తారు. వేడి ద్రవంలోని వేడిమిని చల్లని ద్రవానికి, ఆ రెండూ ఒకదానితో ఒకటి కలవకుండా, అందించడమే వాటి పని. అవి లేనిదే పెట్రోలు లేదు, ఎరువు లేదు, ప్లాస్టిక్కు లేదు.

వీటిలో అత్యధికంగా వాడుకలో ఉన్నది షెల్ అండ్ ట్యూబ్ తరగతి. దాని నిర్మాణం తెలుగు వంటింటి వారికి సులభంగానే బోధపడుతుంది. జంతికల గొట్టంలో చిల్లుల బిళ్ల ఒకటి ఉంటుంది. ఆ బిళ్లను ఒక మీటరు వెడల్పుకు, రెండు మూడు అంగుళాల మందానికి పెంచి, ఉక్కుతో చేసి, దానికి వందలకొద్దీ చిల్లులు తొలిచినట్లు ఊహించుకోవాలి. అటువంటి బిళ్లలను రెండింటిని ఆరు మీటర్ల ఎడంలో ఎదురెదురుగా నిలిపి, ఒక దాని చిల్లు నుంచి మరొక దాని చిల్లుకు సన్నని గొట్టాలను అమర్చితే గొట్టాల కట్ట తయారవుతుంది. బిళ్ల పేరు ట్యూబ్ షీట్. కట్ట చుట్టూ ఉండే పీపా పేరు షెల్. ఒక ద్రవం గొట్టాల లోపల, మరొకటి గొట్టాల వెలుపల షెల్ లోపల ప్రవహిస్తాయి. ఆ రెంటినీ వేరుచేసి ఉంచేవి ముఖ్యంగా రెండు: గొట్టపు పలుచని గోడ, గొట్టం ట్యూబ్ షీట్‌ను కలిసే అతుకు. గోడ మందం సాధారణంగా రెండు మిల్లీమీటర్లు. అతుకులు గొట్టానికి రెండు చొప్పున. అయిదు వందల గొట్టాల పరికరంలో వేయి అతుకులు. ఆ వేయింటిలో ఒక్కటి సడలినా రెండు ద్రవాలూ కలిసిపోతాయి.

ప్రతి పరికరానికీ ఒక లోహపు పలక బిగించి ఉంటుంది. షెల్ వైపు ఇంత, గొట్టాల వైపు ఇంత అని గరిష్ఠ పీడనం, దానితోపాటు ఉష్ణోగ్రత దానిపై చెక్కి ఉంటాయి. ఈ అంకెలు ఊరికే వచ్చినవి కావు. 1905లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని బ్రాక్టన్ పట్టణంలో ఒక పాదరక్షల కర్మాగారపు బాయిలరు పేలి 58 మంది మరణించారు. అటువంటి దుర్ఘటనల తరువాతనే ఏ.ఎస్.ఎం.ఈ. అని పిలిచే అమెరికన్ మెకానికల్ ఇంజనీర్ల సంఘం బాయిలరు నియమావళిని రూపొందించి 1915లో ప్రచురించింది. నేటి ఎన్నో పీడన పాత్రలకు ఆధారమైన నియమావళి దాని సంతానమే. కాబట్టి పలకమీది అంకెపట్ల గౌరవం ఉండవలసిందే.

అయితే ఆ గౌరవం కాలక్రమాన ఒక అపోహకు దారితీసింది. పీడనం ఆ అంకెకు లోబడి ఉన్నంతవరకు పరికరం క్షేమమేనన్న నమ్మకం కర్మాగారాలలో బలంగా నాటుకుపోయింది. ఇది ప్రెషర్ కుక్కరు విషయంలో నిజం. కుక్కరుకు లోపలి వైపు ఒక్కటే లెక్క. బరువు లేచి ఈల వేస్తే పీడనం హద్దులో ఉన్నట్లే. ఉష్ణవినిమయ పరికరానికి రెండు వైపులున్నాయి. ఆ రెంటి మధ్య ఉష్ణోగ్రతలో తేడా, పీడనంలో తేడా ఎంత అన్నదే దాని ఆయుష్షును నిర్ణయిస్తుంది. ఆ తేడా పెరిగేది పరికరం నిలకడగా పనిచేస్తున్నప్పుడు కాదు. మొదలుపెట్టేటప్పుడు, ఆపేటప్పుడు, శుభ్రపరిచేటప్పుడు, లేక దానిని పనిలోంచి తప్పించి ఊరికే ఉంచినప్పుడు. కనుక అనుమతించదగిన తేడా ఎంతో, ఏ క్రమంలో వేడిచేయాలో, ఏ క్రమంలో చల్లార్చాలో ఆ పరికరాన్ని నడిపే వ్యక్తి కళ్లెదుట వ్రాసి ఉంచడం యాజమాన్యాల విధి. రూపకల్పన చేసిన ఇంజనీరు గణన పత్రాలలో ఈ వివరాలన్నీ ఉంటాయి. అవి బీరువాలో ఉండి ప్రయోజనం లేదు.

ఈ తేడా ఎంతటి బలాన్ని పుట్టిస్తుందో గ్రహించడానికి పల్లెటూరి కమ్మరి కొలిమి చాలు. బండి చక్రానికి ఇనుప పట్టా వేయడం చూసిన పెద్దలు ఇంకా ఉన్నారు. పట్టాను చక్రపు చుట్టుకొలత కంటె కొద్దిగా తక్కువ కొలతతో చేస్తారు. పిడకల మంటలో ఎర్రగా కాలిస్తే అది వ్యాకోచిస్తుంది. అప్పుడు చక్రానికి తొడిగి నీళ్లు పోస్తారు. చల్లారిన పట్టా సంకోచించి చక్రపు చెక్కలన్నింటినీ కదలకుండా బిగించివేస్తుంది. ఏ మేకూ లేకుండా, ఏ మనిషి చేతి బలానికీ సాధ్యం కాని బిగింపు అది. వేడిచేసిన ఇనుము పెరగడానికి చోటు లేకపోయినా, చల్లారిన ఇనుము తరగడానికి వీలు లేకపోయినా ఆ లోహం ఎంతగా నెడుతుందో, ఎంతగా లాగుతుందో చెప్పడానికి ఇంతకంటె మంచి దృష్టాంతం లేదు.

ఇక లెక్క చూద్దాం. ట్యూబ్ షీట్లు రెండూ షెల్‌కే వెల్డింగ్ చేసి ఉన్న పరికరాన్ని తీసుకొందాం. దీనినే ఫిక్స్‌డ్ ట్యూబ్ షీట్ తరగతి అంటారు. చవక కాబట్టి విస్తారంగా వాడతారు. షెల్, గొట్టాలు రెండూ మామూలు కార్బన్ ఉక్కువే. పొడవు ఆరు మీటర్లు. గొట్టం వెలుపలి వ్యాసం ఒక అంగుళం, గోడ మందం 2.1 మిల్లీమీటర్లు. ఇటువంటి ఉక్కు ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే పది లక్షల వంతుల పొడవులో సుమారు 12 వంతులు పెరుగుతుంది. షెల్ 50 డిగ్రీల దగ్గర, గొట్టాలు 150 డిగ్రీల దగ్గర ఉన్నాయనుకొంటే, స్వేచ్ఛగా వదిలితే గొట్టాలు షెల్ కంటె ఏడు మిల్లీమీటర్ల పైచిలుకు పొడవు కావాలి. అంగుళంలో మూడో వంతు కూడా లేని ఈ ఏడు మిల్లీమీటర్లే సమస్త కష్టాలకూ మూలం. రెండు కొసలా ట్యూబ్ షీట్లు అడ్డుపడటం వల్ల గొట్టాలు పూర్తిగా పెరగలేవు. షెల్ కొంత సాగుతుంది, గొట్టాలు కొంత నొక్కుకుపోతాయి. చెరిసగం పంచుకొన్నాయని స్థూలంగా లెక్కిస్తే ఒక్కొక్క గొట్టపు అతుకు మీద పడే బలం సుమారు 1900 కిలోల బరువుకు సమానం.

ఇప్పుడు పీడనం సంగతి. అదే పరికరంలో గొట్టాల వైపు పది బార్ల పీడనం, అనగా వాతావరణ పీడనానికి దాదాపు పదింతలు ఉన్నదనుకొందాం. ట్యూబ్ షీట్ వైశాల్యంలో ఒక్కొక్క గొట్టం వాటాకు వచ్చే భాగాన్ని లెక్కకట్టి, దానిపై పడే బలమంతా ఆ గొట్టమే భరిస్తున్నదని భావించినా, అతుకు మీది భారం యాభై కిలోలకు కొంచెం పైన మాత్రమే. షెల్ కూడా అందులో కొంత భరిస్తుంది కాబట్టి నిజానికి అంతకంటె తక్కువే ఉండవచ్చు. ఒక ప్రక్క యాభై కిలోలు. మరొక ప్రక్క రెండు టన్నులకు దగ్గర. పలకమీద పెద్ద అక్షరాలతో చెక్కినది మొదటిదానికి సంబంధించిన అంకె.

అసలు రూపకల్పనలో నూరు డిగ్రీల తేడాను ఎవరూ ఊరికే వదిలివేయరు. షెల్‌లో ముడతల తిత్తి వంటి బెల్లోస్ అమర్చి సాగే అవకాశం కల్పిస్తారు. లేక గొట్టాలను హెయిర్‌పిన్ ఆకారంలో వంచి ఒకే ట్యూబ్ షీట్‌కు బిగిస్తారు. లేక రెండవ ట్యూబ్ షీట్‌ను షెల్ లోపల స్వేచ్ఛగా కదిలేటట్లు తేలియాడనిస్తారు. ప్రతి ఉపాయానికీ ఏదో ఒక ఇబ్బంది తప్పదు. బెల్లోస్ పలుచన, వంపు గొట్టాలను లోపల శుభ్రపరచడం కష్టం, తేలియాడే ట్యూబ్ షీట్ దగ్గర గాస్కెట్ కారితే బయటికి కనిపించదు. అందువల్ల తేడా తక్కువగా ఉంటుందని నమ్మకం ఉన్నచోట ఫిక్స్‌డ్ తరగతినే ఎంచుకొంటారు. ఆ నమ్మకం నిలకడగా నడిచే రోజులకు సరిపోవచ్చు. ఒక రాత్రివేళ చల్లని నీటి పంపు ఆగిపోయినప్పుడు, లేక పేరుకొన్న మడ్డిని కరిగించడానికి ఎవరో ఒక వైపుకు మాత్రమే ఆవిరి పట్టించినప్పుడు ఆ తేడా ఎంతకు చేరుతుందన్నదే అసలు ప్రశ్న. పైగా ఇందులో దిశ కూడా ముఖ్యం. గొట్టాలు వేడెక్కితే అవి నొక్కుకుపోయి నడుమ వంగే ప్రమాదం. షెల్ వేడెక్కితే గొట్టాలు లాగబడి అతుకుల నుంచి ఊడివచ్చే ప్రమాదం. నెలల తరబడి ఒక దిశలో భారం మోసిన అతుకు శుభ్రపరిచే రోజున ఎదురు దిశలో భారాన్ని మోయవలసి వస్తుంది.

ఆ అతుకు ఎటువంటిదో కూడా తెలుసుకోవలసి ఉన్నది. గొట్టం కొసను చిల్లులోకి దూర్చి, లోపలి నుంచి చిన్న రోలర్లను తిప్పుతూ దానిని వెడల్పు చేస్తారు. గొట్టపు లోహం సాగి చిల్లు అంచును గట్టిగా ఒత్తుకొంటుంది. రోలర్లను తీసివేసిన తరువాత కూడా మిగిలిపోయే ఆ ఒత్తిడే గొట్టాన్ని పట్టి ఉంచుతుంది. బండి పట్టా బిగింపు వంటిదే ఇది, కాకపోతే లోపలి నుంచి బయటికి. చిల్లులో సన్నని గాళ్లు తీసి ఉంచితే గొట్టపు లోహం వాటిలోకి చొచ్చుకొని పట్టు పెరుగుతుంది. ఏ.ఎస్.ఎం.ఈ. నియమావళి ఈ అతుకులను ఎంతవరకు నమ్మవచ్చునో గుణకాల రూపంలో చెబుతుంది. పరీక్ష చేసి చూడని పక్షంలో, గాళ్లు లేని రోలింగ్ అతుకుకు గుణకం 0.50, రెండు గాళ్లున్నదానికి 0.70. అనగా నియమావళి వ్రాసిన పెద్దలే ఈ అతుకును సగం మాత్రమే నమ్మమన్నారు. పైగా ఈ బిగింపు వేడికి సడలుతుంది. కాగి చల్లారిన ప్రతిసారీ మిగులు ఒత్తిడి ఎంతో కొంత తగ్గే అవకాశం ఉన్నది. కొత్త పరికరాన్ని నీటి పీడనంతో పరీక్షించిన రోజున ఉన్న అతుకూ, పదేళ్లు కాగి చల్లారిన అతుకూ ఒకటి కావు. పలకమీది అంకె మాత్రం మారదు.

రసాయన శాస్త్ర దృష్టితో చూస్తే ఇందులో మరొక చిక్కు ఉన్నది. రోలింగ్ సాధారణంగా ట్యూబ్ షీట్ పూర్తి మందానికి చేయరు. షెల్ వైపు అంచు వరకు వెళితే గొట్టం అక్కడ కోసుకుపోతుంది. అందువల్ల షెల్ వైపున గొట్టానికీ చిల్లుకూ మధ్య వెంట్రుకవాసి సందు మిగిలిపోతుంది. షెల్ వైపు ప్రవహించేది నీరైతే ఆ సందులోకి చేరిన నీరు కదలదు. అవతలి నుంచి గొట్టం వేడిచేస్తూ ఉంటుంది కాబట్టి నీరు ఆవిరై, లవణాలు మిగులుతాయి. సముద్రతీరపు బావి నీటిని కాచి ఇగిర్చితే గిన్నె అడుగున ఉప్పు మిగిలినట్లే. ప్రవాహంలో స్వల్పంగా ఉన్న క్లోరైడు ఆ సందులో ఎన్నో రెట్లు గాఢమవుతుంది. గొట్టం స్టెయిన్‌లెస్ ఉక్కుదైతే గాఢమైన క్లోరైడు, వేడి, లాగుడు బలం – ఈ మూడూ ఒకచోట కలిసినప్పుడు దానిలో సన్నని పగుళ్లు బయలుదేరతాయి. తుప్పు పట్టని ఉక్కు అని పేరే గాని, పగలని ఉక్కు అని ఎవరూ హామీ ఇవ్వలేదు. నిలువుగా నిలబెట్టిన పరికరాలలో పై ట్యూబ్ షీట్ క్రింద గాలి పొర చేరి అక్కడి గొట్టాలు తడిసి ఆరుతూ ఉంటే ఈ వ్యాధి మరింత త్వరగా వస్తుంది. పై కొసన గాలి పోయే దారి ఒకటి ఉంచి, దానిని తెరవడం మరచిపోకపోతే చాలు. ఇక్కడ పనిచేస్తున్న లాగుడు బలం గొట్టాన్ని తెంపగలిగినంత ఉండనక్కరలేదు. బలానికి రసాయనం తోడయితే తక్కువ బలమే చాలు. పీడనపు హద్దులో ఉన్నామన్న ధీమా ఈ పగులును ఆపలేదు.

రెండు వైపుల పీడనాల తేడా విషయంలోనూ ఒక అంకె ఏ విధంగా తప్పుదారి పట్టిస్తుందో చెప్పడానికి ఒక చరిత్ర ఉన్నది. గొట్టాల వైపు పీడనం 60 బార్లు, షెల్ వైపు 40 బార్లు అనుకొందాం. ఒక గొట్టం హఠాత్తుగా తెగితే 60 బార్ల ద్రవం షెల్‌లోకి దూసుకు వస్తుంది. పూర్వం షెల్‌ను దాని పీడనానికి ఒకటిన్నర రెట్లు, అనగా 60 బార్ల వద్ద నీటితో పరీక్షించేవారు. కాబట్టి తక్కువ పీడనపు వైపు హద్దు ఎక్కువ పీడనపు వైపు హద్దులో మూడింట రెండు వంతులకు తగ్గకపోతే, గొట్టం తెగినా పరీక్షలో తట్టుకొన్న పీడనాన్ని మించదని ఒక సూత్రం ఏర్పడింది. రెండు తరాల ఇంజనీర్లు మూడింట రెండు అన్న మాటను కంఠస్థం చేశారు. 1999లో నియమావళి సవరణతో పరీక్షా పీడనం ఒకటిన్నర రెట్ల నుంచి 1.3 రెట్లకు తగ్గింది. 40 బార్ల కొత్త షెల్‌ను ఇప్పుడు 52 బార్ల వద్ద పరీక్షిస్తే చాలు. దానిలోకి 60 బార్లు వస్తే పాత సూత్రం ఇచ్చిన భరోసా లేనట్లే. అదే భరోసా కావాలంటే షెల్ హద్దు 46 బార్లకు పైన ఉండాలి. ఒకే ఆవరణలో ప్రక్కప్రక్కన పాత పద్ధతిలో పరీక్షించినవీ కొత్త పద్ధతిలో పరీక్షించినవీ ఉన్నప్పుడు, కంఠస్థం చేసిన సూత్రంతో రెంటినీ ఒకే గాటన కట్టడం ఎంత ప్రమాదమో వేరుగా చెప్పనక్కరలేదు. ఆ షెల్‌కు తగిలించిన తక్కువ పీడనపు పైపుల సంగతి ఈ లెక్కలోకి రానే లేదు.

పైవన్నీ కాగితం మీది లెక్కలేనని కొందరు అనవచ్చు. హ్యూస్టన్‌లో నివసించే తెలుగువారు మరచిపోకూడని ఉదాహరణ 2008 జూన్ 11న అదే నగరంలోని గుడ్‌ఇయర్ కృత్రిమ రబ్బరు కర్మాగారంలో జరిగింది. అక్కడి ఉష్ణవినిమయ పరికరంలో షెల్ వైపు ద్రవ అమ్మోనియా, గొట్టాలలో రబ్బరు తయారీ ద్రవ్యం ఉంటాయి. ముందు రోజు ఒక రక్షక బిళ్లను మార్చడానికి షెల్‌కూ రిలీఫ్ వాల్వుకూ మధ్యనున్న వాల్వును మూశారు. బిళ్లను మార్చారు గాని ఆ వాల్వును తిరిగి తెరవలేదు. మరునాటి ఉదయం గొట్టాల వైపును శుభ్రపరచడానికి ఆవిరి పట్టించారు. అమ్మోనియా వైపు పీడనాన్ని అదుపుచేసే రెండవ దారి కూడా అప్పటికి మూసి ఉన్నది. ఆవిరి వేడిమి గొట్టాల గోడల మీదుగా అమ్మోనియాకు చేరింది. అది ఆ పరికరం చేయవలసిన పనే. దానిని నమ్మకంగా చేసింది. పోవడానికి దారిలేని అమ్మోనియా పీడనం పెరిగి షెల్ పేలింది. ఒక ఉద్యోగిని ప్రాణాలు కోల్పోయింది. సిబ్బంది అందరూ క్షేమమేనని భావించిన యాజమాన్యానికి ఆమె మృతదేహం శిథిలాలలో ఉన్న సంగతి కొన్ని గంటల తరువాత గాని తెలియలేదు.

అయిదేళ్ల తరువాత, 2013 జూన్ 13న, లూయిజియానాలోని గైస్మర్ వద్ద విలియమ్స్ సంస్థకు చెందిన ఓలెఫిన్స్ కర్మాగారంలో దాదాపు ఇదే కథ పునరావృతమయింది. అక్కడ రెండు పరికరాలలో ఒకటి పనిచేస్తూ ఉంటే రెండవది సిద్ధంగా పడి ఉండేది. అలా పదహారు నెలలు పనిలేకుండా ఉన్న రెండవదాని షెల్‌లోకి ద్రవ ప్రొపేన్ చేరి ఉన్నది. షెల్ వైపు వాల్వులు మూసి ఉన్నాయి. మూసిన భాగానికి రిలీఫ్ వాల్వుకు దారి లేదు. గొట్టాల వైపు వేడినీటి వాల్వును తెరిచిన కొద్ది నిమిషాలలోనే అది పేలిపోయింది. ఇద్దరు మరణించారు, గాయపడినవారు 167 మంది. ద్రవంతో నిండి మూసుకుపోయిన పాత్రను వేడిచేస్తే పీడనం డిగ్రీ డిగ్రీకి బార్ల లెక్కన పెరుగుతుందని పాఠ్యపుస్తకాలలో ఉన్నదే. ఈ రెండు చోట్లా ఏ పంపూ హద్దు మించిన పీడనంతో తోయలేదు. పలకమీద షెల్‌కు ఒక గడి, గొట్టాలకు ఒక గడి విడివిడిగా ఉంటాయి. ఒక గడిలోని వేడి ప్రక్క గడిలో పీడనమవుతుందని అవి చెప్పవు. పనిచేయని పరికరం పనిచేసే దానికంటె భద్రమైనదని అనుకోవడం ఎంత సహజమో అంత పొరపాటు.

మూడవ సంఘటన ఆస్ట్రేలియాది. ఇందులో పీడనం పాత్రే లేదు. విక్టోరియా రాష్ట్రంలోని లాంగ్‌ఫర్డ్‌లో ఎస్సో సంస్థ సహజవాయు కర్మాగారంలో 1998 సెప్టెంబరు 25న వేడి నూనెను ప్రసరింపజేసే పంపులు ఆగిపోయాయి. వేడి నూనెతో ఎప్పుడూ కాగుతూ ఉండవలసిన ఒక ఉష్ణవినిమయ పరికరం కొన్ని గంటలలో సున్నాకు దిగువన దాదాపు 48 డిగ్రీల వరకు చల్లబడింది. పైన మంచు పేరుకొన్నది. ఆ చలికి మామూలు ఉక్కు గాజువలె పెళుసుబారుతుంది. పంపులను సరిచేసి మళ్లీ వెచ్చని నూనెను లోపలికి పంపగానే పరికరం పగిలింది. ఇద్దరు మరణించారు, ఎనిమిదిమంది గాయపడ్డారు. మెల్బోర్న్ నగరపు ఇళ్లలో రెండు వారాలకు పైగా గ్యాసు పొయ్యిలు వెలగలేదు. సంస్థ మొదట నేరాన్ని ఆపరేటర్ల మీదికి నెట్టింది. విచారణ జరిపిన రాయల్ కమిషన్ దానిని త్రోసిపుచ్చి, చల్లబడిన ఉక్కును వేడిచేయడంలోని ప్రమాదాన్ని వారికి ఎవరూ బోధించలేదని తేల్చింది. అంతకు ఆరేళ్ల ముందే ఇంజనీర్లను కర్మాగారం నుంచి మెల్బోర్న్ కార్యాలయానికి తరలించివేశారు. తెలిసినవారు నగరంలో, తెలియవలసినవారు పరికరం ప్రక్కన – ఇదీ అక్కడి పరిస్థితి.

లాంగ్‌ఫర్డ్ వ్యవహారం తెలుగువారికి పరాయిది కాదు. విశాఖపట్నంలో 1966లో స్థాపితమై తరువాత బి.హెచ్.ఇ.ఎల్.లో విలీనమైన భారత్ హెవీ ప్లేట్ అండ్ వెసల్స్ కర్మాగారం ఇటువంటి పరికరాలను తయారుచేసింది. అటువంటి చోట పనిచేసిన ఇంజనీరు గొట్టం రోలింగ్ చేసే కార్మికుడి ప్రక్కన నిలబడి, రోలర్ ఎక్కువ తిప్పితే గొట్టం పలుచనై దెబ్బతింటుందని, తక్కువ తిప్పితే అతుకు కారుతుందని కంటితో చూసి నేర్చుకొన్నాడు. నేడు హైదరాబాదులో కంప్యూటరు ముందు కూర్చొని గల్ఫ్ దేశపు కర్మాగారానికి లెక్కలు కట్టే యువకుడికి ఆ అవకాశం అరుదు. అతని లెక్కలో తప్పేమీ ఉండకపోవచ్చు. నియమావళి కోరినట్లు ఆరంభం, విరామం, శుభ్రత, ఆపద సమయాలన్నింటికీ బలాలను గణించే ఉంటాడు. అయితే ఆ సమయాలలో ఉష్ణోగ్రతలెంత ఉంటాయన్నది అతనికి ఎవరో చెప్పాలి. చెప్పవలసినది కర్మాగారాన్ని నడిపేవారు. వారిని అడిగే ఆచారం లేదు. అడిగినా ఒప్పందంలో ఉన్న అంకెలే తిరిగి వస్తాయి. వాస్తవంలో ఆవిరిని ఎలా పట్టిస్తారో, ఎంత వేగంగా పట్టిస్తారో ఆ పత్రాలకు తెలియదు.

కారుతున్న గొట్టాలకు బిరడాలు కొట్టి మూసివేసే అలవాటు కూడా ఇటువంటిదే. పదింట ఒక వంతు గొట్టాల వరకు మూసినా ఫరవాలేదన్న వాడుక మాట చాలాచోట్ల వినిపిస్తుంది. వేడిమి బదిలీ లెక్కకు అది సరిపోవచ్చు. మూసిన గొట్టంలో ప్రవాహం ఉండదు కాబట్టి అది షెల్ వైపు ఉష్ణోగ్రతకు వస్తుంది. చుట్టూ వేడి గొట్టాలు పొడవు పెరుగుతూ ఉంటే నడుమ అది పెరగదు. ఆ తేడా అంతా దాని రెండు అతుకుల మీద, ఇరుగుపొరుగు అతుకుల మీద పడుతుంది. ఎక్కడెక్కడ ఎన్ని మూశారన్నది మరమ్మతు పుస్తకంలో ఉంటుంది. దాని ఫలితంగా బలాలెలా మారాయన్నది ఎవరూ మళ్లీ లెక్కించరు. మూసేముందు గొట్టానికి ఒక రంధ్రం చేసి లోపల పీడనం చిక్కుబడకుండా చూడాలన్న జాగ్రత్త మాత్రం ఇప్పుడు చాలామంది పాటిస్తున్నారు, సంతోషం. లేకుంటే బిరడా తుపాకీ గుండువలె బయటికి వస్తుంది.

ఆపరేటరుకు ఇప్పటికే వందలకొద్దీ సూచనలున్నాయని, మరో కాగితం చేర్చితే ఎవరూ చదవరని ఒక అభ్యంతరం ఉన్నది. ఇందులో కొంత న్యాయం ఉన్నమాట నిజం. అయితే సూచనల పుస్తకం వేరు, పరికరం ప్రక్కన చదవగలిగేటట్లు బిగించిన నాలుగు వాక్యాలు వేరు. మొదటి వాక్యం: నడిపేటప్పుడు ముందు చల్లనిది, తరువాత వేడిది, అదీ నెమ్మదిగా. రెండవది: ఆపేటప్పుడు ముందు వేడిది. మూడవది: రెండు వైపుల మధ్య తేడా ఇన్ని డిగ్రీలకు మించరాదు. నాలుగవది: ఒక వైపు మూసి ఉండగా, అది ఖాళీ కానిదే లేక రిలీఫ్ వాల్వుకు దారి తెరిచి ఉన్నదని కంటితో చూడనిదే, రెండవ వైపుకు వేడి పంపరాదు. చల్లని వైపే ముందుగా రావడం కుదరని పరికరాలుంటాయి. వాటికి వాక్యాలు వేరుగా వ్రాయాలి. అందుకే ఇవి రూపకల్పన చేసిన ఇంజనీరే, పరికరాన్ని నడిపేవారితో కూర్చొని, ఒక్కొక్క పరికరానికి విడిగా వ్రాయవలసినవి.

ఆ వాక్యాలు ఏ భాషలో ఉండాలన్నది కూడా ఆలోచించవలసిన విషయం. గల్ఫ్ దేశాలలో కర్మాగారాలను మరమ్మతుకు ఆపినప్పుడు గొట్టాల కట్టలను బయటికి లాగేవారిలో, అతుకులను రోలింగ్, వెల్డింగ్ చేసేవారిలో శ్రీకాకుళం, గోదావరి జిల్లాల నుంచి వెళ్లిన ఫిట్టర్లు, వెల్డర్లు ఉన్నారు. తెలుగు సంఘాల పండుగ సభలలో వెనుక వరుసలలో కనిపించేవారు వారే. పనికి ముందు వారు సంతకం చేసే అనుమతి పత్రాలు తరచుగా ఇంగ్లీషులోనో అరబ్బీలోనో ఉంటాయి. ఆ పత్రాలను జారీచేసే అధికారులలోనూ తెలుగువారు ఉన్నారు. ఆ నాలుగు వాక్యాలను తెలుగులో వ్రాయించడం వారికి ఒక పూట పని. అందుకు ఉష్ణవినిమయ పరికరమన్న బరువైన మాట కూడా అక్కరలేదు. ఎక్స్ఛేంజర్, ట్యూబ్ షీట్, వాల్వు అని వ్రాస్తే ఆ కార్మికులకు ఇట్టే అర్థమవుతుంది.